నేలకు ఆనని పక్కచుట్ట

పక్కచుట్ట గుమ్మం దగ్గరే ఉంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి దాన్ని దాటుకునే తిరుగుతున్నారు గాని, తీసి లోపల పెట్టే ధైర్యం తండ్రికీ లేదు, కూతురికీ లేదు.

ఇన్నేళ్ళూ ఆ చుట్ట పగలంతా బీరువా మీద ఉండేది. బొంత, దుప్పటి, దిండు మూడూ కలిపి చుట్టి, తాడు బిగించి, అత్త ఒక్క ఊపుతో పైకి విసిరేది. రాత్రి దింపి, కుట్టుమిషనుకీ వంటింటి తలుపుకీ మధ్య నేల మీద పరుచుకునేది. ఈ వేళ అది బీరువా ఎక్కలేదు. చెప్పుల పక్కన, ప్రయాణానికి సిద్ధమైన మనిషిలాగా కూర్చుంది.

అత్త మాత్రం రోజూలాగే టీ కాచింది. తమ్ముడి గ్లాసు తమ్ముడి ముందు పెట్టింది, మేనకోడలి గ్లాసు మేనకోడలి ముందు పెట్టింది. వెళ్ళి మిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు కాళ్ళు పొట్టి చేస్తోంది. మాట లేదు. మాట్లాడకుండా ఉండటం ఆవిడకు చేతకాని పని. చిన్నప్పుడు దెబ్బ తగిలి ఏడుస్తూ కూడా మధ్యలో ఆగి కబుర్లు చెప్పేదని నాన్న అంటాడు. అలాంటి మనిషి నోరు మూసేసరికి, కుళాయి ఎండిపోయిన ఇంట్లో కుళాయి వంకే చూసినట్టు, ఇద్దరూ ఆవిడ వంకే చూస్తున్నారు.

మేనకోడలికి కొలతలమ్మ అని పేరు పెట్టింది ఆవిడే. యూనివర్సిటీలో ఇంటీరియర్ డిజైన్ చదువుకు చేరిన నాటి నుంచి ఆ పిల్ల చేతిలో టేపు లేని పూట లేదు. కుర్చీ ఎత్తు కొలిచింది, కిటికీ వెడల్పు కొలిచింది, గిన్నెల లోతు కొలిచింది, నిద్రపోతున్న తండ్రి పొడవు కూడా కొలిచింది. కొలతలమ్మ రేపు పెళ్ళికొడుకును కూడా టేపు పెట్టి చూశాకే ఒప్పుకుంటుందని, ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ అత్త చెప్పేది. నిన్న సాయంత్రం దాకా ఆ ఇంట్లో అలాంటి నవ్వులే ఉన్నాయి.

నిన్న సాయంత్రం ఇంటి నమూనా పూర్తయింది. అట్ట ముక్కలు కోసి, జిగురు పెట్టి, తాము ఉంటున్న ఇంటినే కొత్తగా దిద్ది, ఇరవయ్యో వంతు సైజులో కట్టింది కొలతలమ్మ. దాన్ని చూసి అత్త మురిసి ముక్కలైంది. తనే పోయి పక్కింటి నర్సును పిలుచుకొచ్చింది. పైకప్పు ఎత్తి, ఇది మా వంటిల్లు, ఇవి గుడ్డలు పెట్టుకునే అరలు, ఇదుగో మిషను, మిషను ముందు కూర్చున్నది నేనే చూడు, చీపురుకు కూడా అర కట్టి తలుపు పెట్టింది మా పిల్ల, అని ఒక్కొక్కటే చూపించింది.

నర్సు అంతా చూసి మెచ్చుకుంది. మెచ్చుకుని, మాటవరసకు అడిగింది. "మరి మీరు ఎక్కడ పడుకుంటారు టైలరమ్మా?"

ఆవిడ మనసులో ఏ చెడ్డా లేదు. అత్త కూడా నవ్వుతూనే వేలు పెట్టి వెతికింది. వేలు హాల్లోకి వెళ్ళింది, నాన్న గదిలోకి వెళ్ళింది, కొలతలమ్మ గదిలోకి వెళ్ళింది, వంటింట్లోంచి తిరిగి హాల్లోకి వచ్చింది. ఎక్కడా ఆగలేదు. తను ఇన్నేళ్ళూ పరుచుకున్న చోట కొలతలమ్మ ఒక సన్నటి పొడుగాటి బెంచీ కట్టింది. దాని కింద అన్నీ అరలే.

అత్త వేలు వెనక్కి తీసుకుంది. పైకప్పు మూసింది. వంట పనుందని లోపలికి వెళ్ళింది. అప్పటి నుంచి మాట లేదు.

ఎలా జరిగిందో కొలతలమ్మకు రాత్రంతా ఆలోచిస్తే గాని తెలియలేదు. తెలిశాక ఇక నిద్ర పట్టలేదు. చదువు మొదట్లోనే మేడం ఒక సూత్రం నేర్పింది. ఇల్లు కొలిచేటప్పుడు ఊహ పనికిరాదు, నేలకు ఆనిన ప్రతి వస్తువునూ కొలిచి గీయాలి, ఒక్కటి వదిలినా ఒప్పుకునేది లేదు అని. కొలతలమ్మ అలాగే చేసింది. ఒక సెలవు నాడు మధ్యాహ్నం మోకాళ్ళ మీద పాకుతూ ఇల్లంతా కొలిచింది. మంచాలు గీసింది, మిషను గీసింది, చెత్తబుట్ట గీసింది. పక్కచుట్ట ఆ వేళ బీరువా మీద ఉంది. బీరువాను గీసింది.

ఆ ఒక్క కాగితం మీదే మిగతా పనంతా కట్టుకుంటూ పోయింది.

అసలు అత్తకు మంచం లేకపోవడానికి ఒక కథ ఉంది. పెద్ద కథేమీ కాదు. మరదలు పోయినప్పుడు, పసిదాన్ని చూసుకోవడానికి నాలుగు రోజులు ఉండి వెళ్దామని వచ్చింది ఆవిడ. నాలుగు రోజుల భాగ్యానికి మంచం ఎందుకని నేల మీద పరుచుకుంది. పిల్లకు పాలపళ్ళు ఊడాయి, కొత్తవి వచ్చాయి. బడికి వెళ్ళింది, కాలేజీకి వెళ్ళింది, యూనివర్సిటీకి వెళ్ళింది. ఆ నాలుగు రోజులు ఇంకా అయిపోలేదు.

టీ చల్లారింది. నాన్న తాగలేదు. లిఫ్టులు బాగుచేసే మనిషి ఆయన. ఎంత ఎత్తులో ఇరుక్కున్న మనుషులనైనా కిందికి దించుతాడు గాని, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుంటే ఏ మీట నొక్కాలో ఆయనకు తెలియదు. పనికి సెలవు పెట్టి కూర్చున్నాడు. చివరికి కూతుర్ని గదిలోకి పిలిచి, అసలు రేపు పరీక్షకు అక్క రాకపోతే ఏమవుతుందని మెల్లిగా అడిగాడు.

ఏమవుతుందో ఆయనకు తెలుసు. అయినా కూతురి నోటి వెంట మరోలా వినిపిస్తుందేమోనని ఆశ.

కొలతలమ్మ చదివే డిపార్ట్‌మెంటులో ఒక పద్ధతుంది. చివరి పరీక్షలో విద్యార్థి మాట ముందు వినరు. ఇల్లు ఎవరి కోసం దిద్దారో, ఆ ఇంట్లో రోజూ మసలే మనిషి వచ్చి నమూనా పక్కన కుర్చీలో కూర్చోవాలి. పరీక్ష చేసేవాళ్ళు మొదట ఆ మనిషినే అడుగుతారు. పొద్దున లేస్తే కాలు ఎక్కడ పెడతారు, తడి చేతులు ఎక్కడ తుడుచుకుంటారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు, ఇలాంటివి. ఆ జవాబులు బాగుంటేనే తర్వాత విద్యార్థిని నోరు తెరవనిస్తారు. కుర్చీ ఖాళీగా ఉంటే పరీక్షే లేదు.

నిరుడు కొలతలమ్మ కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. అప్పుడామె ఒక మంగలి షాపు దిద్దింది. వస్తానన్న మంగలి సరిగ్గా ఆ పూటే చేతికి కట్టు కట్టించుకుని పడుకున్నాడు. ఏడాది పోయింది. రెండోసారి కూడా పోతే ఇక మూడోసారి లేదు, పేరు కొట్టేస్తారు. అందుకే ఈసారి బయటి మనుషులను నమ్మకుండా, భూమి తిరగబడినా తప్పకుండా వచ్చే మనిషి పేరు ఇచ్చింది. అత్త పేరు ఇచ్చింది. పేరు ఇచ్చిన మనిషే రావాలి, ఇంకొకరు పనికిరారు.

"వస్తే మటుకు ఏం లాభం నాన్నా?" అంది కొలతలమ్మ. "ఎక్కడ పడుకుంటారని అడుగుతారు."

పరీక్ష చెయ్యడానికి బయటి నుంచి వచ్చే పెద్దాయన ఒకడున్నాడు. మిగతా అన్నీ క్షమిస్తాడు గాని, ఇంట్లో మనిషిని మర్చిపోతే క్షమించడు. నిరుడు ఒకబ్బాయి తాత మంచం దగ్గర్నుంచి బాత్రూము చాలా దూరం చేశాడని, ఇంకో ముక్క వినకుండా, నమూనా మూసెయ్యి బాబూ అన్నాడు. ఆ అబ్బాయి ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నాడు.

మంచానికి చోటు చెయ్యి అన్నాడు నాన్న.

అట్టతో మంచం అంత ముక్క కోసింది కొలతలమ్మ. అది ఆమె అరచేతిలో సగం కూడా లేదు. నమూనా పైకప్పు తీసి, తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ నేల మీద కూర్చుని ఆ ముక్కను ఇల్లంతా తిప్పారు. హాల్లో పెడితే వీధి తలుపు తెరుచుకోదు. మిషను పక్కన పెడితే మిషను ముందు కుర్చీ వెనక్కి జరగదు. బెంచీ తీసేద్దామంటే అరలు పోతాయి, అరలు పోతే గుడ్డలన్నీ నేల మీదికి వస్తాయి. నాన్న గదిలో నాన్న మంచానికీ గోడకూ మధ్య మనిషి నడవాలంటే పీతలాగా పక్కకు నడవాలి. నాన్న తన మంచమే తీసేసి చూడమన్నాడు. తీసేస్తే నువ్వెక్కడ పడుకుంటావని అడిగింది కూతురు. తను చేసిన తప్పే మళ్ళీ ఇంకో మనిషి విషయంలో చేస్తున్నానని కొలతలమ్మకు అర్థమై, ముక్క తీసి నేల మీద పెట్టింది.

మిగిలింది ఆమె గది.

అక్కడ కిటికీ కింద గీతలు గీసుకునే పెద్ద బల్ల ఉంది. బల్ల తీసి ఆ ముక్క పెట్టింది. అతికినట్టు పట్టింది. తలుపు తెరుచుకుంటోంది, మనిషి నడవొచ్చు, కిటికీలోంచి గాలి తలవైపు వస్తుంది. ఇంతకంటే మంచి చోటు ఆ ఇంట్లో లేదు.

నాన్న ఆ ముక్కను వేలితో కదిపి చూశాడు.

"పట్టిందిగా," అన్నాడు నాన్న.

కొలతలమ్మ గీతల కాగితాలన్నీ పోయిన వారమే డిపార్ట్‌మెంటులో ఇచ్చేసింది. అందులో ఆ కిటికీ కింద బల్లే ఉంది. ఆ బల్లనీ, దాని మీద పడే వెలుతురునీ మేడం అందరి ముందూ మెచ్చుకుంది. కాగితం ఒకటి, నమూనా ఒకటి అయితే అప్పుడూ మూసెయ్యమనే అంటారు. ఈ సంగతి నాన్నకు చెప్పింది. చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కాని ఆ ముక్కను అక్కణ్ణుంచి తీసి, బల్లను మళ్ళీ దాని చోట పెడుతున్నప్పుడు ఆమె చేతులు కాస్త తొందరగానే కదిలాయి. అది నాన్న చూశాడు. చూసి ఏమీ అనలేదు.

అనకపోగా, కాసేపటికి ఇంకో మాట అన్నాడు.

"ఒక్క మాట చెప్తే సరిపోతుందేమో. మా అత్త మాతో ఉండదు, పగలు వచ్చి కుట్టుకుని వెళ్ళిపోతుంది అని. ఒక్క పూటకేగా."

అవతల మిషను ఆగింది.

ఆ ఇంట్లో గోడలు అట్టవి కావు గాని, వాటికంటే గొప్పవీ కావు. మిషను మళ్ళీ మొదలవుతుందేమోనని ఇద్దరూ చెవి ఒగ్గి విన్నారు. మొదలవలేదు. కుర్చీ జరిగింది. అడుగుల చప్పుడు వంటింట్లోకి వెళ్ళింది, అక్కణ్ణుంచి ఇటు వచ్చింది. అత్త చేతిలో గ్లాసు ఉంది. పొద్దుటి టీ, వేడి చేసి తెచ్చింది. తమ్ముడి చేతికిచ్చింది.

"తాగు. మళ్ళీ చల్లారుతుంది," అంది. అంతే. వెళ్ళిపోయింది.

నాన్న ఆ గ్లాసు పట్టుకుని కక్కలేక మింగలేక అలాగే కూర్చున్నాడు. తర్వాత కూతురి మీద విరుచుకుపడ్డాడు. ఇంత చదువు చదివి ఇంట్లో మనిషిని లెక్క వెయ్యడం రాలేదా అన్నాడు. కూతురు తిరగబడింది. నేను ఈ ఏడాదే కొలిచాను, నువ్వు ఎప్పటి నుంచి చూస్తున్నావు, నీ అక్కే కదా, ఒక్క మంచం వేయించాలని ఒక్కనాడైనా అనిపించిందా అంది. నేల మీదే హాయిగా ఉందని ఆవిడే అనేది అన్నాడు నాన్న. అడిగావా అంది కూతురు. నువ్వడిగావా అన్నాడు తండ్రి. ఇద్దరిలో ఎవరూ అడగలేదు. ఆ తర్వాత తిట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

మధ్యాహ్నం దాటాక కొలతలమ్మ అట్ట మంచాన్ని అరచేతిలో పెట్టుకుని మిషను దగ్గరికి వెళ్ళింది. ఏం చెప్పాలో పది రకాలుగా అనుకుని వెళ్ళింది. తీరా ఎదుట నిలబడ్డాక ఒక్కటీ రాలేదు. పొరపాటయిందత్తా అంది. మర్చిపోయానంది.

అత్త దారం కొరికి, సూది పక్కన గుచ్చి, అప్పుడు తలెత్తింది.

"నువ్వు మర్చిపోలేదే. మర్చిపోవాలంటే ముందు గుర్తుండాలిగా."

కొలతలమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"నన్ను ఎన్ని అడిగావు నువ్వు," అంది అత్త. గొంతులో కోపం లేదు. అదే భయం వేసింది పిల్లకు. "గరిటెలు ఎక్కడ పెట్టుకుంటావత్తా అన్నావు. బొత్తాలు ఏ డబ్బాలో పోస్తావు అన్నావు. చీపురు ఏ చేత్తో పట్టుకుంటావు అని కూడా అడిగావు. ఎంత ముచ్చటేసిందో. నా బతుకులో నన్ను ఇన్ని అడిగినవాళ్ళు లేరు. ఆ ఒక్కటి ఎప్పుడు అడుగుతావా అని నేను చూస్తూనే ఉన్నా."

"ఎదురుచూశావా? చెప్పొచ్చుగా అత్తా."

"చెప్పి వేయించుకునేదాన్నయితే ఎప్పుడో వేయించుకునేదాన్ని."

కొలతలమ్మ అరచెయ్యి చాపి, నీకు మంచం చేశానంది. అత్త ఆ అట్టముక్కను రెండు వేళ్ళతో తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అంచులు నునుపుగా కోశావే అంది. కొలతలమ్మకు ప్రాణం లేచి వచ్చింది.

"ఎక్కడ పెట్టావు?" అని అడిగింది అత్త.

ఆ ప్రశ్నకు జవాబు ఉంది. కిటికీ కింద, గాలి తలవైపు వచ్చే చోట. ఆ చోటు పేరు కొలతలమ్మ నాలుక చివర దాకా వచ్చింది. వచ్చి, అక్కడ ఉన్న బల్లను చూసి, వెనక్కి పోయింది.

అత్త ఆ ముక్కను మళ్ళీ పిల్ల అరచేతిలోనే పెట్టి, వేళ్ళు మూసింది.

"రెడీమేడు షాపావిడ కొట్టు వెనక గది ఇస్తానంది. ఎప్పటి నుంచో అంటోంది, నేనే నవ్వి ఊరుకునేదాన్ని. కిటికీ లేదుట, మంచం ఉందిట," అంది. "మిషను తర్వాత ఎవరినైనా పంపి తెప్పించుకుంటాను. మీ నాన్నకు రాత్రిళ్ళు మోకాలికి నూనె రాయాలి, నువ్వు చెప్పకపోతే రాసుకోడు."

రేపు వస్తావా అని కొలతలమ్మ అడిగింది. ఒకటికి నాలుగుసార్లు అడిగింది. కాళ్ళు పట్టుకుంది. అత్త కాళ్ళు వెనక్కి తీసుకోలేదు, జవాబూ ఇవ్వలేదు. ప్యాంటు రెండో కాలు మిషను కింద పెట్టి, చక్రం తిప్పడం మొదలుపెట్టింది.

తెల్లవారేసరికి గుమ్మం దగ్గర పక్కచుట్ట లేదు. చెప్పులు లేవు. వంటింట్లో రెండు గ్లాసుల టీ మూత పెట్టి ఉంది.

నాన్న చొక్కా తొడుక్కుని రెడీమేడు షాపుకు పరుగెత్తాడు. షాపు ఇంకా తియ్యలేదు. వెనక తలుపు కొడితే ఎవరూ పలకలేదు. వెనక్కి వచ్చేసరికి కొలతలమ్మ నమూనాను దుప్పట్లో చుట్టి గుమ్మంలో నిలబడి ఉంది. ఇంకేం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. ఏం చెయ్యాలో తెలియనప్పుడు, చెయ్యాలనుకున్న పనే చెయ్యడం మనుషుల అలవాటు. ఆటో ఎక్కారు. దారి పొడుగునా నాన్న ఆ ఇంటిని ఒళ్ళో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. అక్క వస్తుందన్నాడు. వచ్చాక ఇక కదలనివ్వను, గుమ్మానికి అడ్డంగా నిలబడతాను, చేతులు పట్టుకుని ఇంటికి తీసుకుపోతాను, ఎవరడ్డొచ్చినా సరే అన్నాడు. ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా ఆడటం కొలతలమ్మ ఎన్నడూ వినలేదు.

డిపార్ట్‌మెంటు హాలంతా జిగురు వాసన. వరసగా బల్లలు, బల్లల మీద నమూనాలు, పక్కన కుర్చీల్లో మనుషులు. ఒక బేకరీ ఆయన కొత్త చొక్కా తొడుక్కుని, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా మోకాళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. పళ్ళ డాక్టరు గడియారం చూసుకుంటున్నాడు. కొలతలమ్మ బల్ల పక్కన కుర్చీ ఖాళీ.

పెద్దాయన ఒక్కొక్క బల్లే దాటుకుంటూ వస్తున్నాడు. వెనక మేడం. బేకరీ అయింది. పళ్ళ డాక్టరు అయ్యాడు. మేడం దూరం నుంచే ఖాళీ కుర్చీ చూసి, కొలతలమ్మ వంక చూసి, నిరుటి లాగేనా అన్నట్టు కళ్ళు దించుకుంది. నాన్న హాలు గుమ్మంలో నిలబడి మెట్ల వైపే చూస్తున్నాడు.

పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. కుర్చీ వంక చూశాడు. కలం మూత పెట్టబోయాడు.

"ఆలస్యమైందండీ. మెట్లెక్కువ."

అత్త వచ్చింది. ఇస్త్రీ మడత నలగని బట్టలు కట్టుకుంది, తల నున్నగా దువ్వుకుంది. తమ్ముడి పక్క నుంచే వచ్చి ఉంటుంది గాని, వాళ్ళిద్దరి మధ్యా మాట జరిగినట్టు లేదు. కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కొలతలమ్మ వంక చూడలేదు.

పెద్దాయన నమూనా పైకప్పు తీయించి ప్రశ్నలు మొదలుపెట్టాడు. అత్త గడగడా చెప్పింది. వంటింట్లోంచి తడి చేతులతో వస్తే తువ్వాలు ఎక్కడ అందుతుందో చెప్పింది. ఏ అరలో ఏ గుడ్డ ఉంటుందో, వంగకుండా ఏది తియ్యొచ్చో చెప్పింది. చీపురు అర తలుపు తీసి చూపించి, మా ఇంట్లో చీపురుకున్న మర్యాద ఎవరికీ లేదండీ అంటే మేడం కూడా నవ్వింది. మిషను దగ్గర వెలుతురు ఎడమ వైపు నుంచి ఎందుకు వస్తోందని పెద్దాయన అడిగాడు.

"కుడి పక్క నుంచి వస్తే నా చెయ్యి నీడే గుడ్డ మీద పడుతుందండీ. ఇది నేను చెప్పింది కాదు. పిల్లే చూసి పెట్టింది. నేను కుడుతుంటే ఎన్నాళ్ళు చూసిందో."

పెద్దాయన తల ఊపి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నమూనా చుట్టూ ఒకసారి తిరిగాడు. హాల్లో బెంచీ దగ్గర వంగి చూశాడు. ఈ ఇల్లు చాలా తేలిగ్గా ఉందమ్మా, ఊపిరాడుతోంది అన్నాడు. ఆ తర్వాత అందరినీ అడిగినట్టే అడిగాడు.

"రాత్రి మీరు ఎక్కడ పడుకుంటారు?"

కొలతలమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"నేను ఆ ఇంట్లో ఉండనండీ," అంది అత్త, సూదిలో దారం ఎక్కించినంత తేలిగ్గా. "పగలు వచ్చి కుట్టుకుంటాను. పొద్దుపోయేసరికి నా గదికి నేను వెళ్ళిపోతాను."

పెద్దాయన కలం ఆగింది. నమూనాలో మిషను ముందు కూర్చున్న చిన్న బొమ్మను చూశాడు. కుర్చీలో మనిషిని చూశాడు. ఈ వయసు మనిషి, ఇంటి ఆనుపానులన్నీ అరచేతి గీతల్లా తెలిసిన మనిషి. ఆయన ముసలివాడు. ఇలాంటి జవాబులు చాలా విన్నవాడు. కొలతలమ్మ వైపు తిరిగాడు.

"అవునామ్మా? ఈవిడ మీ ఇంట్లో ఉండరా?"

ఉంటుంది అంటే ఒక్క మాటతో అంతా అయిపోతుంది. నమూనా మూసెయ్యి అంటాడు. పేరు కొట్టేస్తారు. అత్త ఇంత దూరం వచ్చి, నలుగురిలో తల వంచి చెప్పిన అబద్ధం కూడా వృథా అవుతుంది. ఉండదు అంటే ఏమవుతుందో ఆలోచించే వ్యవధి లేదు. అత్త ముఖంలోకి చూసింది. అత్త కూడా అప్పుడు మొదటిసారి ఆమె వైపు చూసింది. అవునని చెప్పి బయటపడు అంటోందా, కాదని చెప్పమని అడుగుతోందా? ఆ ముఖం చూసుకుంటూ పెరిగిన పిల్లకు ఆ ముఖం అంతు చిక్కలేదు.

"ఉండదండీ," అంది కొలతలమ్మ.

అత్త తల ఊపింది. గుడ్డ కొలిచి, సరిపోయిందని సుద్దగీత పెట్టేటప్పుడు ఎలా ఊపుతుందో అలాగే ఊపింది. లేచి నిలబడి బట్టలు సర్దుకుంది.

"ఇక నాతో పని లేదు కదండీ," అని పెద్దాయనను అడిగింది.

లేదమ్మా, వెళ్ళొచ్చు అన్నాడాయన.

బల్లల మధ్య నుంచి ఆవిడ నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళింది. గుమ్మంలో నాన్న ఉన్నాడు. రెండు చేతులూ అటొకటి ఇటొకటి ద్వారబంధాల మీద ఆన్చి, అన్నట్టే అడ్డంగా నిలబడి ఉన్నాడు. అత్త ఆయన ఎదుట ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఏదో ఒకటి అంటాడని కొలతలమ్మ ఇక్కడి నుంచి చూస్తోంది. పెదవులు కదిలినట్టు కూడా అనిపించింది.

నాన్న ఒక చెయ్యి దించాడు. పక్కకు జరిగాడు.

"ఊఁ, మొదలుపెట్టమ్మా," అన్నాడు పెద్దాయన.